పాలం నుంచి శ్రీకాకుళం దాకా

రండి, అంగీఠీ కుంపటి దగ్గరికి జరగండి. ఫరీదాబాద్ జనవరి చలి మన కోస్తా వాళ్ల ఒంటికి ఎన్నేళ్లయినా అలవాటు కాదు. టీ మరిగేలోగా మీకో రాకుమారుడి కబురు చెబుతాను. ఆయన ఢిల్లీ వాడు. మన రాజమండ్రినీ ఏలూరునీ శ్రీకాకుళాన్నీ ఏనాడూ కంటితో చూడలేదు. అయినా ఆ సీమలన్నిటినీ ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన ఫర్మానా ఆయన పేరు మీదే వెలువడింది.

ఈ కథ మనసుకు పట్టాలంటే ఇక్కడి మెట్రో ఎక్కాలి. వయొలెట్ లైను మా బల్లభ్‌గఢ్‌లో మొదలవుతుంది. ఆ స్టేషను పేరు రాజా నాహర్ సింగ్. బాటా చౌక్, బదర్‌పూర్ సరిహద్దు దాటి ఢిల్లీలోకి పోతే వరసగా ఢిల్లీ గేట్, లాల్ ఖిల్లా, చివరికి కశ్మీరీ గేట్. మన కథలో సగం ఈ పట్టాల పక్కనే నడిచింది. మిగతా సగం బీహార్‌లో, అలహాబాద్‌లో, మన సర్కారు జిల్లాల్లో.

ఆ మొగలు రాకుమారుడి పేరు అలీ గౌహర్. 1728లో ఎర్రకోటలో పుట్టాడు. కోటలో పుట్టాడు కదా, పట్టుపరుపుల మీద పెరిగి ఉంటాడనుకునేరు. గద్దెకు దూరమైన రాజబంధువులను ఆ రోజుల్లో కోటలోనే ఒక మూల కాపలా పెట్టి ఉంచేవారు. అలీ గౌహర్ తండ్రి బతుకు ఎక్కువ భాగం అక్కడే తెల్లారిపోయింది. 1754లో ఉన్నట్టుండి ఆయన్ను బయటికి తెచ్చి, రెండో ఆలంగీర్ అని పేరుపెట్టి సింహాసనం ఎక్కించారు. ఎక్కించినవాడు వజీరు ఇమాదుల్ ముల్క్. అంతకుముందున్న పాదుషా అహ్మద్ షాను దించేసి, కళ్లు తీయించి మరీ ఈయన్ను కూర్చోబెట్టాడు. ఈ వజీరు ఎవరి మనవడో తెలుసాండీ? హైదరాబాద్ నిజాముల వంశానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్క్‌కి స్వయానా మనవడు. హైదరాబాద్ గద్దె కోసం కొట్టుకుంటున్న సలాబత్ జంగ్, నిజాం అలీ ఇద్దరూ ఇతనికి బాబాయిలే. అంటే ఢిల్లీలోనూ దక్కనులోనూ ఆ పదేళ్లలో చిచ్చు రగిల్చింది ఒకే కుటుంబం.

ఆ చిచ్చు సెగ మా ఊరికీ తగిలింది. ఫరీదాబాద్‌ని 1607లో జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ కట్టించాడని చెబుతారు. నూటయాభై ఏళ్లు తిరిగేసరికి ఈ చుట్టుపక్కల పన్నుల మీద బల్లూ అనే జాట్ నాయకుడు చెయ్యి వేశాడు. బల్లభ్‌గఢ్‌కి ఆ పేరు అతని వల్లే వచ్చిందంటారు. ఫరీదాబాద్‌లో పాదుషా తరఫున ఉన్న అధికారి ముర్తజా ఖాన్‌ని అతను చంపేశాడు. ముర్తజా కొడుకు ఆకిబత్ మహమూద్ 1753లో పగ తీర్చుకున్నాడు. మరుసటి ఏడు వజీరు ఇమాద్ పాదుషాను దించినప్పుడు ఈ ఆకిబత్ మహమూదే అతని కుడిభుజం. ఢిల్లీ నుంచి ఇంత దగ్గరలో ఉన్న ఊరి శిస్తు కూడా పాదుషా చేతికి రాని రోజులవి. పాదుషా రాజ్యం ఎక్కడిదాకా అంటే ఇప్పుడు మనం విమానం దిగే పాలం దాకానే అని తర్వాత తరంలో జనం చెప్పుకున్నారు. ఈ పాలం సంగతి గుర్తుంచుకోండి. అవసరం వస్తుంది.

పాదుషా కొడుకు అలీ గౌహర్ చురుకైనవాడు, చదువుకున్నవాడు, కవిత్వం రాసేవాడు. వజీరుకి భయం పట్టుకుంది. 1758లో అలీ గౌహర్‌ని పట్టుకోవడానికి అతని విడిది చుట్టూ సైన్యాన్ని మోహరించాడు. ఆ విడిది అలీ మర్దాన్ ఖాన్ హవేలీ. రాకుమారుడు గోడ పగలగొట్టించి, కొద్దిమంది అనుచరులతో కత్తి దూసి, యమున ఒడ్డున దారి చేసుకుని బయటపడ్డాడు. అప్పటికి ముప్పై ఏళ్లవాడు. మళ్లీ ఢిల్లీ చూసేసరికి ఎంత కాలం గడిచిందో ముందుముందు చెబుతాను.

అదే 1758లో మన దగ్గర ఒక రాజు కదిలాడు. విజయనగరం పూసపాటి ఆనంద గజపతి రాజు. ముందటి ఏడు బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చావు మీకు తెలిసిన కథే. ఆ తర్వాత గద్దెకొచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ల మీద కసి. విశాఖపట్నం నుంచి వాళ్లను తరిమేసి, ఊరు ఇస్తాం రండి అని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు కంపెనీ తన గొడవల్లో తానుండి పట్టించుకోలేదు. కలకత్తాలో ఉన్న క్లైవ్ పట్టించుకున్నాడు. కర్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. మేలో సలాబత్ జంగ్ ఆ బందరు సీమను కంపెనీకి రాసిచ్చేశాడు. ఆనంద గజపతి మట్టుకు తాను పిలిచిన బలం ఎక్కడిదాకా పోతుందో చూడకుండానే, మరికొద్ది నెలలకే కన్నుమూశాడు.

ఢిల్లీ గేట్ స్టేషను దిగితే దగ్గరలోనే ఫిరోజ్ షా కోట్లా. పక్కనున్న క్రికెట్ మైదానం వల్ల ఆ పేరు అందరికీ తెలుసు. ఆ శిథిలాల్లోకి ఎవరో గొప్ప ఫకీరు వచ్చాడని నమ్మబలికి, 1759 నవంబరులో పాదుషా ఆలంగీర్‌ని తీసుకెళ్లి పొడిచి చంపారు. చంపించింది ఇమాద్. ఆ కబురు బీహార్‌లో తిరుగుతున్న కొడుక్కి చేరింది. చేతిలో రాజధాని లేదు, ఖజానా లేదు. తాను దిగిన పల్లెటూళ్లోనే పట్టాభిషేకం జరిపించుకుని షా ఆలం అని పేరు పెట్టుకున్నాడు. లోకానికంతటికీ రాజు అని ఆ పేరు అర్థం.

ఇక్కడ ఆయన్ని తేలిగ్గా తీసిపారేయొద్దని మనవి. 1759 నుంచి 1761 దాకా బెంగాల్ మీదికి, పట్నా మీదికి పదే పదే దండెత్తాడు. కంపెనీ పట్టులోంచి బెంగాల్‌ని తప్పించడానికి ఆ కాలంలో స్వయంగా గుర్రమెక్కి పోరాడిన తైమూరు వంశీకుడు ఈయనొక్కడే. 1761 జనవరిలో ఓడిపోయాక గెలిచిన ఇంగ్లీషు సేనాని కార్నాక్ ఆయన ముందు వంగి సలాం చేశాడు. ఓడినవాడికి గెలిచినవాడు దణ్ణం పెట్టడమేమిటి? కంపెనీకి ఫిరంగులున్నాయి, సిపాయిలున్నారు. హక్కు లేదు. స్థలం ఆక్రమించినవాడు పట్టా కోసం తహసీల్దారు చుట్టూ తిరిగినట్టు, ఈ దేశంలో పన్ను అడగడానికి వాళ్లకు ఢిల్లీ పాదుషా కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం ఇవ్వగలిగిన ఒకే ఒక్క మనిషి తమ గుడారం ముందు నిలబడ్డాడు.

ఆయనకు కావలసినదీ ఒక్కటే. ఇంటికి పోవాలి. నన్ను ఢిల్లీలో దిగబెట్టండి, బెంగాల్ దివానీ మీకిస్తాను అని ఓడిన ఆ రోజుల్లోనే బేరం పెట్టాడు. కంపెనీ అప్పటికి ఊ అనలేదు. 1764 అక్టోబరులో బక్సర్ దగ్గర అవధ్ నవాబు షుజా ఉద్దౌలా, బెంగాల్ గద్దె పోగొట్టుకున్న నవాబు మీర్ ఖాసిం, పాదుషా ముగ్గురూ ఒకే పక్షాన నిలిచి ఓడిపోయారు. ఇక బేరానికి బలం మిగల్లేదు.

1765 ఆగస్టు 12, అలహాబాద్. క్లైవ్ డేరాలో పని జరిగింది. తర్వాత ఎన్నో ఏళ్లకు బెంజమిన్ వెస్ట్ అనే చిత్రకారుడు దాన్ని మహా దర్బారులా బొమ్మ గీశాడు. వెస్ట్ మన దేశమే చూడలేదు. ఆ రోజు బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు చేసే హక్కు, సివిల్ తగవులు తీర్చే హక్కు కంపెనీకి దక్కాయి. బదులుగా పాదుషాకు ఏటా 26 లక్షల రూపాయలు, ఉండడానికి కోరా, అలహాబాద్ ప్రాంతాలు. ఇదంతా బడిలో చదువుకున్నదే. బడిలో చెప్పనిది ఇంకొకటుంది. అదే రోజు మరో ఫర్మానా కూడా పుట్టింది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఈ అయిదు ఉత్తర సర్కారులూ కంపెనీవే అని.

అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. పాలం దాకా కూడా మాట చెల్లని మనిషి, ఢిల్లీలో కాలు పెట్టే దారిలేని మనిషి శ్రీకాకుళం దానం చేశాడు. ఆ సర్కారులు దక్కను సుబా కింద నిజాం అలీ చేతిలో ఉన్నాయి. ఆయన్ని అడిగినవాడు లేడు. పొలం దున్నే మన రైతును అడిగే ప్రసక్తే లేదు. ఈ ముక్క చదివిన ప్రతిసారీ నాకు గుండె భగ్గుమంటుంది.

కాగితం వచ్చిందని కంపెనీ కళ్లు మూసుకుని కూర్చోలేదు. 1766లో కంపెనీ సేనాని కెయిలాడ్ సైన్యంతో వచ్చి కొండపల్లి కోట తీసుకున్నాడు. నిజాం అలీ మండిపడ్డాడు. హైదరాబాద్‌కి రాయబారాలు నడిచాయి. కంపెనీ తరఫున మధ్యవర్తిగా నడిచినవాడు మన కాండ్రేగుల జోగిపంతులు. నవంబరు 12న ఒప్పందం కుదిరింది. సర్కారులు కంపెనీవి, బదులుగా ఏటా నిజాంకి కప్పం. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం అతనిది. చివరికి 1788లో అదీ కంపెనీకి వచ్చింది. పాదుషా మొహరు ఒకటి, నిజాం ఒప్పందం ఒకటి, మధ్యలో కోట మీద ఫిరంగి ఒకటి. ఈ మూడూ కలిస్తేనే సర్కారు జిల్లాలు చేతులు మారాయి. కాకినాడ వైపు వెళ్లే రైలుకి సర్కార్ ఎక్స్‌ప్రెస్ అన్న పేరు ఇంకా ఉంది చూడండి, ఆ సర్కారులే ఇవి.

కాగితం విలువ తర్వాత తెలిసింది. బెంగాల్‌లో దివానీ వచ్చిన అయిదేళ్లకే 1770 మహా కరువు. జనం చస్తున్నా శిస్తు వసూలు ఆగలేదు. మన దగ్గర 1832-33 నందన నామ సంవత్సరం కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. శిస్తు ఎవరికి కట్టాలి, ఎంత కట్టాలి, కరువులో మాఫీ ఎవరిని అడగాలి అనేవన్నీ ఎక్కడో సముద్రం అవతల వాటాదారుల లాభంతో ముడిపడ్డాయి.

మరి షా ఆలంని ద్రోహి అందామా? నేననలేను. తండ్రిని పోగొట్టుకుని, పుట్టిన ఊళ్లో కాలు పెట్టే దారి లేక, సొంత సైన్యానికి జీతం ఇవ్వలేని ముప్పై ఏడేళ్ల మనిషి ఏం చేస్తాడు? కానీ అమాయకుడనీ అనను. తనది కానిదాన్ని ఇచ్చి తనకు కావలసినదాన్ని కొనుక్కోబోయాడు. ఆ బేరంలో కూడా మోసపోయాడు. ఇంగ్లీషువాళ్లు ఢిల్లీ తీసుకెళ్లలేదు. ఏడాది తర్వాత ఏడాది రేపు, మాపు అన్నారు. విసిగిపోయి మరాఠాలను ఆశ్రయించాడు. మహాదజీ సింధియా తోడుగా 1772 జనవరిలో ఢిల్లీ గడప తొక్కాడు. పారిపోయి పద్నాలుగో ఏడు. మరాఠాల పంచన చేరాడన్న సాకుతో కంపెనీ గవర్నరు వారన్ హేస్టింగ్స్ ఆ 26 లక్షలూ ఆపేశాడు. కోరా, అలహాబాద్‌లను అవధ్ నవాబుకు 50 లక్షలకు అమ్ముకున్నాడు. దివానీ మాత్రం తిరిగివ్వలేదు. షరతు చెడితే ఇచ్చిన హక్కు వెనక్కి రావాలి కదా? ఆ మాట అడగడానికి పాదుషా దగ్గర ఒక్క ఫిరంగి లేదు.

1788 ఆగస్టులో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ ఎర్రకోటలో జొరబడి ఆ ముసలి పాదుషా కళ్లు పీకేశాడు. గుంటూరు కంపెనీకి చేరింది కూడా ఆ ఏడే. 1803 సెప్టెంబరులో ఇంగ్లీషు సేనాని జనరల్ లేక్ యమున అవతల పట్‌పర్‌గంజ్ దగ్గర మరాఠా సైన్యాన్ని ఓడించి కోటలోకి వచ్చాడు. నలభై ఏళ్ల కింద అడిగిన రక్షణ అప్పుడిచ్చారు, చూపులేని 75 ఏళ్ల వృద్ధుడికి. కశ్మీరీ గేట్ దగ్గర దారా షికో గ్రంథాలయం అనే పాత కట్టడం ఉంది. గోడ మీది ఫలకం చదవండి. దారా తర్వాత అలీ మర్దాన్ ఖాన్ నివాసం, 1803లో ఇంగ్లీషు రెసిడెంటు అక్టర్‌లోనీ నివాసం అని ఉంటుంది. రాకుమారుడు గోడ పగలగొట్టుకుని పారిపోయిన హవేలీ ఆ ఖాన్ పేరు మీదిదే. షా ఆలం 1806లో పోయాడు. మెహ్రౌలీలో బఖ్తియార్ కాకీ దర్గా పక్కన ఆయన సమాధి ఉంది.

కానీ ఆయన పేరు పోలేదు. బెంగాల్‌లో కంపెనీ కొట్టించిన రూపాయల మీద 1835 దాకా ఆయన పేరే నడిచింది. చచ్చిపోయి 29 ఏళ్లయినా ఆ పేరు లేకుండా నాణెం కొట్టడానికి వాళ్లు సాహసించలేదు. ఇప్పుడు మా స్టేషను పేరు దగ్గరికి వద్దాం. 1857 తిరుగుబాటులో బల్లభ్‌గఢ్ రాజు నాహర్ సింగ్ షా ఆలం మనవడు బహదూర్ షా పక్షాన నిలిచాడు. ఇంగ్లీషువాళ్లు రాజద్రోహం కింద విచారించి 1858 జనవరి 9న చాందినీ చౌక్‌లో ఉరితీశారు. సంస్థానం జప్తు చేశారు. కంపెనీ తాను పాదుషా దివాన్‌నని చెప్పుకుని శిస్తు వసూలు చేసింది. పాదుషా పక్షాన నిలిచినవాడు ద్రోహి ఎలా అయ్యాడండీ? ఈ ప్రశ్నని చరిత్రకారుడు బక్లర్ 1922లో గట్టిగానే వేశాడు. నాకు ఆయన వాదనే నచ్చుతుంది.

టీ చల్లారిపోతోంది, తాగండి. ఈ మాట వింటున్నవాళ్లలో టీచరమ్మలు, మాస్టర్లు ఎవరైనా ఉంటే ఒక కోరిక. ఈసారి 1765 పాఠం చెప్పేటప్పుడు బెంగాల్, బీహార్, ఒరిస్సా అని ఆపకండి. ఆ పక్కనే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అని కూడా బోర్డు మీద రాయండి.