ఒప్పించు వ్రాత

మేమొక వ్యాసము వ్రాసి యోడిపోతిమి. ఆ కథ చెప్పిన గాని, యెదుటివానిని ఒప్పించు వ్రాత యెట్లుండవలెనో మేము చెప్పజాలము.

మా అయిజ కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలోని యూరు. ఇచ్చట సీడుపత్తి సాగు మెండు. సంకరవిత్తనము కొఱకు ఆడుమొక్కల మొగ్గలను ముందునాడు గిల్లి పుప్పొడి తిత్తులను దీసివేసి, మఱునాటి యుదయమున మగమొక్కల పూలను తెచ్చి యొక్కొక్క మొగ్గకు నంటింపవలెను. దీనినే క్రాసింగు అందురు. వారముల తరబడి యొక్కనాడైనను మానరాని పని. కూలి తక్కువని, చిన్నచేతులకు సుళువని, బాలికలను బడి మాన్పించి దీనికి బంపుట మేము కన్నులార జూచితిమి.

మా పొరుగు రైతొకడు పదుమూడేండ్ల కుమార్తెను చేనికి బంపగా, మేము మండిపడి పది పుటల వ్యాసము వ్రాసితిమి. కరుణ, మానవత, దేశభవిష్యత్తు, ఏ మాటయు విడువలేదు. 6 మొదలు 14 ఏండ్ల వఱకు చదువు పిల్లల హక్కని 2009 నాటి చట్టమును జూపి గద్దించితిమి. మిత్రులు మెచ్చిరి. మెచ్చినవారందఱును ముందే మా పక్షమువారని యప్పుడు మాకు దోచలేదు. రైతు మాత్రము కడవఱకు విని, “సారూ, మీరు రాసింది నిజమే. నా లెక్క మాత్రం మీ కాయితంలో లేదు” అనెను.

ఆ లెక్క యేమి? ఆర్గనైజరు వద్ద ముందుగా దెచ్చిన పైకము. రైతు చేతిలో లేని విత్తనపు ధర. పెద్దకూలీలను బెట్టినచో మిగులని సాగు. మా పది పుటలలో నిందొక్కటియు లేదు.

ఆ రాత్రి మాకు సురవరము ప్రతాపరెడ్డిగారు జ్ఞప్తికి వచ్చిరి. వారును నడిగడ్డ బిడ్డలే. తెలంగాణమున కవులు లేరని యొక విమర్శ రాగా, తిట్టునకు దిట్టు బదులీయక, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదము ముగిసెను. అయితే మా రైతు వాస్తవమును కాదనలేదు గదా! ఇచ్చట వీరేశలింగము పంతులుగారి త్రోవయే మేలనిపించెను. వితంతు వివాహమునకై వారు పరాశరస్మృతిని, అనగా ప్రతిపక్షులు తామే తలదాల్చు ప్రమాణమును, చేత బట్టిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించిరి.

మా రైతునకు ప్రమాణము చిట్టాయే. కావున రెండవ వ్యాసమును ఆ చిట్టాతోనే మొదలిడితిమి. అతని బాధను అతనికంటె బలముగా ముందు చెప్పితిమి. పిమ్మట నొక్క ప్రశ్న వేసితిమి: కుమార్తె కష్టమునకు చిట్టాలో కూలి వ్రాసితివా? వ్రాయనందుననే గదా ఆ తక్కువ ధరకు విత్తనము పండించుట సాధ్యమగుచున్నది! ఆమె మిగిల్చినది నీ యింట నిలిచినదా, ధర కట్టినవాని యింట జేరినదా? ఈ వ్యాసము రెండు పుటలే. కరుణ యను మాట యొక్కచోటను లేదు.

రైతు చాలసేపు మాటాడలేదు. తుదకు, “ఇది ఆర్గనైజర్‌కు చూపించినారా సారూ?” అనెను.

చూపలేదు. ఆ బాలిక యా యేడు బడికి పోలేదు. మేమిప్పుడు మూడవ వ్యాసము వ్రాయుచున్నాము. అందులకై ఆర్గనైజరు చిట్టా యెట్లుండునో యడిగి తెలిసికొనుచున్నాము.