ఆగ్నేయం సరే, పొగ సంగతేంటి?

అద్దె ఇల్లు చూడటానికెళ్ళినా, కొనటానికెళ్ళినా బ్రోకర్ని మనం అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే. మంచినీళ్ళు రోజూ వస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి, ఓనర్ పైనే ఉంటాడా, వాస్తు ఎలా ఉంది. వంటిల్లు ఆగ్నేయంలో లేకపోతే సగం మంది అక్కణ్ణించే వెనక్కి తిరుగుతారు. అగ్నిదేవుడు సరైన మూలలో కూర్చున్నాడా లేదా అని ఇంత పట్టింపు ఉన్నవాళ్ళం, ఆయన ఆ మూల దాటి బయటికొస్తే మనకెలా తెలుస్తుందని మాత్రం ఒక్కరం కూడా అడగం. బ్రోకరూ చెప్పడు. ఎందుకంటే అతనికీ తెలీదు.

మాది లాల్ దర్వాజా దగ్గర. పుట్టి పెరిగింది అక్కడే, ఇప్పుడు రోజూ హైటెక్ సిటీ దాకా పడుతూ లేస్తూ ఉద్యోగానికి వెళ్తుంటాను. మా ఇంటి నుంచి కాస్త దూరంలోనే గుల్జార్ హౌజ్. చార్మినార్ నుంచి మదీనా వైపు నడుస్తుంటే నాలుగు కమాన్ల మధ్య వచ్చే పాత ఫౌంటెన్ అన్నమాట. 2025 మే 18, ఆదివారం పొద్దున్న ఆరు దాటాక అక్కడ ఒక ఇంట్లో మంటలు లేచాయి. కింద నగల దుకాణాలు, పైన కుటుంబం. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. ఫైర్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది, ఫోన్ వెళ్ళిన కొద్ది నిమిషాలకే బండ్లు వచ్చాయి కూడా. కానీ లోపలికి వెళ్ళే దారి సొరంగంలా ఉంది, సుమారు 2 మీటర్ల వెడల్పు. పైకి వెళ్ళే మెట్లు 1 మీటరు. అవీ ఒక్కటే. షార్ట్ సర్క్యూట్ అయి ఉండొచ్చని అధికారులు చెప్పారు. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ.

ఇది పాతబస్తీకి మాత్రమే పట్టిన పీడ కాదు. 2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోడౌన్ లో 11 మంది, అదే ఏడు సెప్టెంబర్లో సికింద్రాబాద్ లో ఎలక్ట్రిక్ బండ్ల షోరూం పైనున్న లాడ్జిలో 8 మంది, 2023 నవంబర్లో నాంపల్లి బజార్ ఘాట్ లో 9 మంది. అన్నింటిలోనూ నమూనా ఒకటే: కింద సరుకు, పైన మనుషులు.

మరి చట్టం ఏం చేస్తోందంటారా? మన దగ్గర నివాస భవనాలకి ఫైర్ శాఖ ఎన్ఓసీ 18 మీటర్ల ఎత్తు దాటితేనే. పాతబస్తీలో రెండంతస్తులు, మూడంతస్తుల ఇల్లు ఆ లెక్కలోకే రాదు. రెరా చట్టం (2016) ఏజెంట్లని రిజిస్టర్ చేసుకోమంది కానీ అది కొత్త ప్రాజెక్టుల అమ్మకాలకి సంబంధించినది. షాలిబండలోనో, గౌలిపురాలోనో పాతిక ముప్ఫై ఏళ్ళ ఇల్లు అద్దెకిప్పించే మనిషికి దానితో పనే లేదు. అంటే తేలిందేంటి? ఆ ఇంటిని బయటి మనిషి ఎవరైనా గది గదికీ తిరిగి చూస్తున్నారంటే అది బ్రోకర్ ఒక్కడే. అతను చూస్తే చూసినట్టు, లేకపోతే లేనట్టు. అందుకే నేననేదేంటంటే, ఇళ్ళు చూపించే ప్రతి ఏజెంటుకీ రెండు ప్రశ్నలకి జవాబు తెలిసి ఉండాలి. రాత్రి రెండింటికి ఇంట్లో నిప్పు పుడితే వీళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిశాక ఎటు వెళ్తారు?

మొదటిది తీసుకుందాం. "వాసన రాదా ఏంటి?" అంటారు చాలామంది. నిద్రలో మన ముక్కు కూడా నిద్రపోతుంది. చప్పుడుకి లేస్తాం గానీ వాసనకి లేవటం అనుమానమే. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ కి అసలు వాసనే లేదు, అది నిద్రని ఇంకా గాఢం చేస్తుంది. మనమంతా ఆఫీసులో సర్వర్ డిస్క్ 80 శాతం నిండితే అర్ధరాత్రి ఫోన్ మోగేలా పెట్టుకుంటాం. ఎవరో క్లయింటు డేటాబేస్ కోసం మూడు రకాల అలర్ట్లు. అమ్మా నాన్నా పడుకునే గదికి ఒక్కటీ లేదు. ఇదెక్కడి ఆర్కిటెక్చరో మీరే చెప్పండి.

స్మోక్ అలారం లోపల పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. చిన్న చీకటి గది, అందులో ఒక ఎల్ఈడీ, దాని వెలుగు నేరుగా పడకుండా పక్కకి పెట్టిన ఒక సెన్సర్. పొగ లోపలికి దూరగానే వెలుగు చెదిరి సెన్సర్ మీద పడుతుంది, కూత మొదలు. దీన్ని ఫోటోఎలక్ట్రిక్ అంటారు. పరుపు, సోఫా, వైరు తొడుగు లాంటివి మంట లేకుండా రాజుకుంటూ పొగ కక్కుతాయి చూడండి, దాన్ని ఇది త్వరగా పట్టుకుంటుంది. అయొనైజేషన్ అని ఇంకో రకం ఉంది, అది భగ్గుమని లేచే మంటని తొందరగా పసిగడుతుంది గానీ వంట పొగకి ఊరికే గోల చేస్తుంది. పడగ్గదులకి మొదటిదే మంచిది. వంటింట్లో రెండూ వద్దు, వేడిని బట్టి మోగే హీట్ డిటెక్టర్ పెట్టుకోవాలి. లేదంటే రోజూ పోపు పెట్టగానే మోగుతుంది, నాలుగో రోజు బ్యాటరీ పీకేస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవర్నడిగినా టవల్ పట్టుకుని సీలింగ్ కేసి విసిరిన కథ ఒకటి చెప్తారు :-)

ఎక్కడ పెట్టాలంటే, ప్రతి పడగ్గదిలో ఒకటి, పడగ్గదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో కనీసం ఒకటి. పొగ పైకి పోతుంది కాబట్టి సీలింగ్ మీద. ఫ్యాను రెక్కల చివర నుంచి మూడడుగులు, స్టవ్ నుంచి పదడుగులు దూరం. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వద్దు. సాంబ్రాణి వేసే దేవుడి గదికి ఆనుకునీ వద్దు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి. పదేళ్ళకి మొత్తం మార్చెయ్యాలి, తయారీ తేదీ వెనకాల ఉంటుంది. అన్నీ కలిసి మోగే రకమైతే ఇంకా మేలు, కింద షాపులో పొగ వస్తే పైన పడుకున్నవాళ్ళకి వినపడుతుంది. మన గుల్జార్ హౌజ్ లాంటి ఇళ్ళకి కావలసింది సరిగ్గా అదే.

ఏజెంట్లు తరచూ పొరపడే సంగతి ఇంకోటి. కొత్త అపార్ట్మెంట్లో సీలింగ్ కేసి చూపించి "ఫైర్ సేఫ్టీ ఫుల్లుగా ఉంది సార్" అంటారు. అక్కడున్నది చాలాసార్లు స్ప్రింక్లర్. దానిలోని చిన్న గాజు గొట్టం సుమారు 68 డిగ్రీల వేడికి పగిలితేనే నీళ్ళొస్తాయి, పొగ దానికి లెక్కే లేదు. గుండ్రంగా తెల్లగా ఉన్నది డిటెక్టరే అనుకున్నా, అది తనంతట తాను కూయదు, కింద ఎక్కడో ఉన్న ప్యానెల్ కి చెబుతుంది. ఆ ప్యానెల్ ఆపేసి ఉంటే ఇది అలంకారం మాత్రమే. కాబట్టి ప్యానెల్ దగ్గరికెళ్ళి లైటు వెలుగుతోందా అని ఒకసారి చూస్తే చాలు.

ఇక రెండో ప్రశ్న, ఎటు వెళ్తారు? దారి లేని ఇంట్లో అలారం మోగి లాభం లేదు. పాతబస్తీ ఇళ్ళలో కరెంటు మీటర్లన్నీ మెట్ల కిందే. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగూ అక్కడే. అంటే నిప్పు పుట్టే చోటూ, పారిపోయే దారీ ఒకటే. కిటికీలన్నింటికీ దొంగల భయంతో గ్రిల్స్. మిగిలింది డాబా. సంక్రాంతికి పతంగులెగరేస్తూ మేము ఒక డాబా మీంచి ఇంకో డాబా మీదికి ఎన్ని ఇళ్ళు దాటేవాళ్ళమో లెక్కలేదు. అది ఎంత మంచి దారో! కానీ పండగ అయిపోగానే డాబా తలుపుకి తాళం, తాళం చెవి ఓనర్ దగ్గర. ఏజెంట్ అడగాల్సిన మొదటి మాట ఇదే: ఆ తలుపు లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకుంటుందా? ఒక కిటికీ గ్రిల్ అయినా లోపలి నుంచి తెరుచుకునేలా చేయిస్తారా? రెండే ఏసీలకి వేసిన వైరింగు మీద ఇప్పుడెన్ని ఏసీలు నడుస్తున్నాయి?

ఇదంతా మా గల్లీలో ఎన్నో ఏళ్ళుగా ఇళ్ళిప్పిస్తున్న ఒక పెద్దాయనతో అన్నాను. "ఇవన్నీ చెప్తే పార్టీ భయపడి పారిపోతది బేటా, నా కమిషన్ ఎవరిస్తరు?" అన్నాడు. న్యాయమైన మాటే. "చాచా, బోరు లేదని చెప్పరా మీరు? చెప్పి, ట్యాంకర్ వస్తదని కూడా చెప్తరు కదా. ఇది కూడా అంతే. లేదని చెప్పి, ఓనర్ తో పెట్టించండి" అన్నాను. కాసేపాలోచించి "డాబా చాబీ అయితే అడగొచ్చు" అన్నాడు. నాకది చాలు, మొదలంటూ అయింది.

ఇది లోకంలో లేని వింత కూడా కాదు. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేవాడు స్మోక్ అలారాలు చట్టప్రకారం ఉన్నాయని రాసివ్వాలి. ఇంగ్లండులో 2015 నుంచి అద్దెకిచ్చే ఇంట్లో ప్రతి అంతస్తుకీ అలారం ఓనర్ పెట్టాల్సిందే, అద్దె మొదలైన రోజు అది పనిచేస్తోందో లేదో చూడాల్సిందే. మన దగ్గర అలాంటి రూలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. అద్దె కాగితంలో ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని అని రాసుకుంటాం కదా, దాని కింద "స్మోక్ అలారాలు ఎన్ని" అని ఒక్క లైను చేరిస్తే చాలు. సున్నా అని రాసినా ఫరవాలేదు. ఆ సున్నా చూశాక ఎవరో ఒకరు అడుగుతారు.

ఈసారి ఇల్లు చూడ్డానికెళ్ళినప్పుడు ఆగ్నేయం చూడొద్దని నేననను. అది చూశాక తలెత్తి ఒకసారి సీలింగ్ చూడండి, తర్వాత డాబా తాళం చెవి ఎవరి దగ్గరుందో అడగండి. బ్రోకర్ కి జవాబు తెలీకపోయినా ఫరవాలేదు. పది మంది అడిగితే పదకొండోవాడికి అతనే చెప్తాడు.