బెజవాడలో చంపినా చావని ప్రోగ్రాం

అనంతపురం నుంచి గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా వచ్చిన రైలు కృష్ణ వంతెన ఎక్కేసరికి తెల్లవారుతోంది. మా ఊళ్లో చెరువు నిండితే జనమంతా చూడ్డానికి వెళ్తాం. ఇక్కడేమో డిసెంబరులోనూ ఇన్ని నీళ్లు! కిటికీలోంచి ప్రకాశం బ్యారేజీ కనిపించింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని బదులు 1957 నాటికి కట్టింది ఇదే.

స్టేషన్ దిగాక అసలు తిప్పలు మొదలయ్యాయి. "కాలువ దాటి కుడివైపు రా మావయ్యా" అన్నాడు మేనల్లుడు. ఏ కాలువ? బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఊరి మధ్యలోంచే మూడు పోతున్నాయి. ఎవర్నడిగినా "ఇదేనండీ కాలువ" అంటారు. మా వైపు వంక ఒకటే, అందులోనూ నీళ్లుండవు కాబట్టి గుర్తు పట్టడం తేలిక. తిరిగి తిరిగి గాంధీనగర్ చేరి, బాబాయ్ హోటల్లో వెన్నపూస వేసిన ఇడ్లీ తిన్నాను. ఉగ్గాని, బజ్జీకి అలవాటుపడ్డ నాలుక కూడా అభ్యంతరం చెప్పలేదు. మీరు దారి తప్పేటట్టయితే అటువైపే తప్పండి.

మేనల్లుడు ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ని నడిపించే లినక్స్ కెర్నెల్లో డిస్కులకు సంబంధించిన కోడు రాస్తుంటాడు. పరీక్ష కోసం వర్చువల్ మెషీన్లో ఒక ప్రోగ్రాంని కావాలనే ఇరికించి, "నువ్వే చంపు మావయ్యా" అని కీబోర్డు ఇచ్చాడు. ప్రోగ్రాంని బలవంతంగా ఆపే కిల్ మైనస్ నైన్ కమాండు కొట్టాను. దానికి తిరుగులేదంటారు కదా, ఏమీ కాలేదు. నడుస్తున్న ప్రోగ్రాంల జాబితాలో దాని పక్కన 'డి' అనే అక్షరం కదలకుండా నిలబడింది. డిస్కు జవాబు కోసం నిద్రపోతోందట. ఆ నిద్రలో చావు కబురు కూడా చెవికెక్కదు. రెండు నిమిషాలయ్యాక, ఈ పని 120 సెకన్లకు పైగా ఆగిపోయి ఉందని కెర్నెలే ఒక ఫిర్యాదు రాసింది. రాసి ఊరుకుంది, విడిపించలేదు. ఎందుకు ఇరుక్కుందో మేనల్లుడు చెప్పాడు:

"మెమరీ నిండిపోయింది. ఖాళీ చెయ్యాలంటే అందులో ఉన్నది డిస్కుకు రాయాలి. రాసే డ్రైవరుకు ఇంకాస్త మెమరీ కావాలి. అడిగితే కెర్నెల్ ఖాళీ అయ్యేదాకా ఆగమంటుంది. ఈ రాత పూర్తయితేనే గదా ఖాళీ అయ్యేది!"

దీన్నే డెడ్‌లాక్ అంటారు. నాకు సగమే తలకెక్కింది.

మిగతా సగం మర్నాడు కూచిపూడి వెళ్లే దారిలో ఎక్కింది. పామర్రు దాటాక ఇరుకైన కాలువ వంతెన మీద మా బస్సు, వరిగడ్డి ట్రాక్టరు ఎదురుపడ్డాయి. రెండింటి వెనకా బళ్లు చేరాయి. తప్పు ఎవరిదీ కాదు, కదలిక మాత్రం లేదు. అటు చూస్తే కోసిన మళ్లు, ఇటు చూస్తే కొబ్బరిచెట్లు, మధ్యలో హారన్లు. మేనల్లుడికి భలే సరదా వేసింది. డెడ్‌లాక్ రావాలంటే చోటు ఒక్కరికే పట్టాలి, ఉన్న చోటు వదలకుండా ఇంకో చోటు అడగాలి, ఎవరి చోటూ లాక్కోకూడదు, ఎదురుచూపు చుట్టు తిరిగి రావాలి. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ చెప్పిన నాలుగు షరతులివే. ఒక్కటి తెగినా డెడ్‌లాక్ రాదు. చివరికి పొలంలోంచి వచ్చిన ఒక పెద్దాయన వెనక బళ్లన్నిటినీ సర్ది, ట్రాక్టరును వెనక్కి నడిపించాడు.

కెర్నెల్లో అలాంటి పెద్దాయన ఉండడు కాబట్టి ముందే జాగ్రత్తపడతారు. డిస్కుకు రాసే దారిలో కొంత మెమరీ విడిగా దాచి ఉంచుతారు. "కొత్తగా డిస్కు పని పెట్టకుండా దొరికితేనే ఇవ్వు" అని అడిగే పద్ధతీ ఉంది. 2006లో ఇంగో మోల్నార్, ఆర్యన్ వాన్ డె వెన్ తెచ్చిన లాక్‌డెప్ అయితే, కెర్నెల్లో తాళాలు (లాకులు) వేసే వరసను గమనించి, ఇరుక్కోకముందే హెచ్చరిస్తుంది.

ఇవన్నీ ఉన్నా కొన్ని డెడ్‌లాకులు తప్పించుకుంటాయి. అలాంటివాటి వల్ల డేటా దొంగల చేతిలో పడకపోవచ్చు. కానీ మామూలు యూజరు ఎవరైనా కావాలని ఇరికించగలిగితే సర్వరు మొత్తం ఆగిపోవచ్చు. అందుకే దాన్నీ భద్రతాలోపంగానే లెక్కేస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నెల్ బృందమే ఇలాంటి లోపాలకు సీవీఈ అనే గుర్తింపు నంబర్లు ఇస్తోంది.

బెజవాడ వెళ్తే మూడు కాలువల పేర్లూ ముందే తెలుసుకుని వెళ్లండి. మీ చేతిలో సర్వరు ఉంటే మాత్రం, కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు రేపు చూద్దామనకండి. ఒకసారి ఇరుక్కున్నాక మిగిలే దారి చాలాసార్లు రీబూటొక్కటే.