ఆకాశంలో అద్దె గది

పరభాషా పదం కనబడగానే విడదీసి అర్థం చెప్పడం తెలుగు పంతుళ్ల జబ్బు. ‘ఫలక్’ అంటే ఆకాశం. ‘నుమా’ అంటే తలపించేది. హైదరాబాదులో చార్మినారుకు దక్షిణంగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరాన, కొండ నెత్తిన ఉన్న సౌధానికి ఆ పేరు పెట్టినవారెవరోగాని కొంత కవిహృదయం ఉన్నవారే.

మా గొల్లపల్లి నుంచి జగిత్యాల, కరీంనగరం మీదుగా సికింద్రాబాదు చేరి, అక్కడ లోకల్ రైలెక్కితే ఫలక్‌నుమా స్టేషనులోనే దిగవచ్చు. స్టేషనుకూ సౌధానికీ పేరొక్కటే. స్టేషను అందరిదీ, సౌధం మాత్రం ముందుగా చెప్పి, డబ్బు కట్టి వచ్చేవారిది. 2010 నవంబరు నుంచి అది తాజ్ వారి హోటలు. అరవై గదులు. బస చేయడానికి వచ్చినవారిని గేటు దగ్గర గుర్రపు బగ్గీలో ఎక్కించి కొండ మీదికి తీసుకుపోతారు. అద్దె ఎంతో ఇక్కడ వ్రాయను. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే పత్రిక ఇది.

“ఇల్లు కట్టి చూడు” అన్న సామెత విననివాడు గాబోలు దీన్ని కట్టించిన నవాబు. ఆయన పేరు వికారుల్ ఉమ్రా. పైగా వంశీయుడు, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు సోదరి భర్త, తరువాత రాజ్యానికి ప్రధానమంత్రి. 1884 మార్చి 3న పునాది వేయించాడు. తొమ్మిదేళ్లు పట్టింది. తేలు ఆకారంలో కట్టడం. చలువరాయి ఇటలీ నుంచి వచ్చింది. మేడమెట్లు చూడాలే గాని చెప్పనలవి గాదు. గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నదాని నమూనా. ఖర్చు నలభై లక్షలని చెబుతారు. ఆ రోజుల్లో, ఆ రూపాయలు!

ఇంకేముంది, నవాబు అప్పులపాలయ్యాడు. 1897 ప్రాంతంలో నిజాం ప్రభువు అక్కడ విడిది చేశాడు. ఇల్లు మనసుకు నచ్చింది. ఏలినవారికి నచ్చిన వస్తువును “తమదే, చిత్తగించండి” అనడం దర్బారు మర్యాద. నవాబు అలాగే అన్నాడు. ఆ ఉపాయం భార్య చెప్పినదే అంటారు. నిజాం పుచ్చుకున్నాడు, ఖర్చులో చాలా భాగం తిరిగి ఇచ్చాడనీ చెబుతారు. మర్యాద దక్కింది, అప్పు తీరింది. లోకంలో ఇంటి ఇల్లాలి బుద్ధికి విలువ కట్టేవారు తక్కువ గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

అక్కడి నుంచి అది అతిథిగృహమయింది. తరువాత అయిదవ జార్జి చక్రవర్తి అయినవాడు, యువరాజుగా 1906లో వచ్చి దిగాడు. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూసింది కూడా ఈ కొండ మీదనే. ఏడవ నిజాం వేరేచోట నివసించాడు. ఇక్కడికి వచ్చేవారంతా పెద్ద పెద్ద చుట్టాలే. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు గారు బస చేసి వెళ్లిన తరువాత చెప్పుకోదగిన అతిథి రాలేదు. తలుపులు మూతబడ్డాయి. సగం శతాబ్దం దుమ్ము పేరుకుంది. ఎనిమిదవ నిజాంగా చెప్పుకునే ముకర్రం జా గారి మొదటి భార్య, టర్కీ దేశపు ఆడపడుచు ఎస్రా గారు పూనుకుని, 2000 ప్రాంతం నుంచి పదేళ్లపాటు మరమ్మతులు చేయించారు. చూశారా, మళ్లీ ఒక ఇల్లాలే.

అంటే ఈ భవనం సొంతిల్లుగా బ్రతికినది కొన్నేళ్లే. అతిథి వచ్చినన్నాళ్లు వెలిగింది, రానన్నాళ్లు బూజు పట్టింది. భోజనాల బల్ల చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నూటొక్క మంది ఒకే పంక్తిన కూర్చోవచ్చు. ఒక కొసన గుసగుసలాడితే మరో కొసన వినబడుతుందట! ఆ బల్ల మీద 2017 నవంబరులో ప్రధాని మోదీ గారు విదేశీ అతిథులకు విందు చేశారు.

మా జగిత్యాల వైపు పల్లెల్లో దొరల గడీలు ఉండేవి. ఎత్తు గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజా. అక్కడికి వచ్చేవారు అతిథులు కారు, వెట్టికి వచ్చేవారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరు 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు చాలామంది పట్నాలకు తరలిపోయారు. గడీలు పాడుపడ్డాయి.

ఫలక్‌నుమా హోటలు సంగతి మా ఊరి వృద్ధుడొకాయనకు చెబితే, ఆయన చుట్ట నోట్లోంచి తీసి, “గట్లనా సారూ! ఇప్పుడు పైసలిస్తె లోపటికి రానిస్తరన్నమాట. మరి గప్పుడు మా నాయిన గడీల చేసిన పనికి పైసలెవలిచ్చిండ్రు?” అన్నాడు. మా శాఖలో అందరం ఎం.ఏ.లమే. ఎవ్వరికీ సమాధానం తోచలేదు.

గడీలన్నీ హోటళ్లు కావాలని నేననను. సిరిసిల్లకు అటువైపు, కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను వారసులు బాగుచేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అటువంటివి ఎన్నని? కొన్ని గడీలలో బడులు నడిచాయి. గోడలు మందం గనుక ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. ఏ దర్వాజా ముందు తాతలు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డారో, ఆ దర్వాజాలోంచే మనుమలు పలకలు పట్టుకుని పరుగెత్తారు.