బాంబు నువ్వే

2019 డిసెంబరులో ఒక రాత్రి, పన్నెండున్నర దాటాక, చెవిలో ఒక గొంతు నన్ను పిలిచి అరిచింది. "బాంబు నువ్వే. పరిగెత్తు!" ఆ ఇంగ్లిషు నాకు అర్థమయ్యేలోపే నేను పేలిపోయాను. నా చుట్టూ నిలబడ్డ తొమ్మిది మంది గాల్లోకి లేచి పడ్డారు. వాళ్ళలో ఆరుగురు పడ్డచోటే పోయారు. ఇంకో నిమిషానికి నలభై మందిమీ ఆ గుహలో శవాలమై పడున్నాం.

ఇది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట సంగతి. డాక్టరేట్ చేసినవాడివి, పిల్లలకి పాఠాలు చెప్పేవాడివి, ఉద్యమంలో తిరిగేవాడివి, నీకు ఈ ఆటలేంటి అనే పెద్దలు ఈ వారం భాగం దాటేసి పోవచ్చు. మన సంఘాలు ఎందుకు చీలిపోతాయో నాకు మీటింగుల్లో కంటే ఆ గుహలోనే ఎక్కువ తెలిసొచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఆట 2004 నవంబరులో వచ్చింది. దాని పాత రూపాన్ని "క్లాసిక్" పేరుతో 2019 ఆగస్టులో మళ్ళీ వదిలారు. జర్మనీలో సాఫ్ట్‌వేర్ చేసే మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, "ఒరేయ్, ఒక్కడినే ఉంటున్నా, రారా ఆడదాం" అని పిలిచాడు. నెలకి దాదాపు 13 యూరోలు. అదీ తనే కట్టాడు. ఆ ఆటకి మన దేశంలో సర్వర్ లేదు కాబట్టి నేనూ వాళ్ళ యూరప్ సర్వర్లోనే చేరాను. వాళ్ళకి సాయంత్రం ఏడున్నర అంటే చలికాలంలో నాకు సరిగ్గా అర్ధరాత్రి. వారానికి రెండు రాత్రులు, మూడేసి గంటలు. పొద్దున తొమ్మిదికి నాకు క్లాసు.

మోల్టెన్ కోర్ అనే ఆ గుహలో పది మంది బాసులు. ఒక్కొక్కరిని పడగొట్టాలంటే నలభై మంది మనుషులు, నలభై కంప్యూటర్ల ముందు, ఒకే సమయంలో ఒకే మాట మీద ఉండాలి. కొంతమంది ముందు నిలబడి దెబ్బలు కాస్తారు. ఎక్కువమంది కొడతారు. మాలాంటి పది పన్నెండు మందిమి ప్రాణాలు నిలబెడుతుంటాం. నేను ప్రీస్ట్‌ని, వైద్యం నా పని. ఏడెనిమిది నెలలు ఆడాను కానీ ఒక్క బాసు ముఖం కూడా సరిగా చూడలేదంటే నమ్మండి. నా స్క్రీన్ మీద నలభై పచ్చగీతలు ఉండేవి. ఏ గీత తగ్గితే దాన్ని నింపడమే నా ఆట. గీతలన్నీ నిండుగా ఉన్నంతసేపు నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఒకడు చచ్చిపోతే మాత్రం "హీలర్లు ఏం చేస్తున్నారు" అంటారు.

నన్ను పేల్చినవాడు బారన్ గెడ్డన్. వాడు మనలో ఒకరిని ఎంచుకుని బాంబుగా మారుస్తాడు. 8 సెకన్లు. ఆలోపు ఆ మనిషి గుంపుని వదిలి దూరంగా పోయి ఒంటరిగా పేలాలి. గుంపులో ఉండిపోతే పక్కవాళ్ళని కూడా తీసుకుపోతాడు. "నువ్వు దూరంగా పో, నీ వల్ల మాకు ప్రమాదం" అనే మాట వినగానే నా ఒంట్లో ఏం కదిలిందో ఈ సిరీస్ చదివేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి రెండు వారాలు నా కాళ్ళు కదలకపోవడానికి నెట్ ఒక్కటే కారణమని అందరికీ చెప్పాను. నెట్ కూడా నెమ్మదే, నిజమే. నేను నొక్కిన మీట అక్కడికి చేరేసరికి అందరికంటే ఆలస్యం. కానీ మూడో వారం ఒక సంగతి గమనించాను. ఈసారి బాంబు మా అన్న. తర్వాత ఒక టాంక్. ఆ తర్వాత రైడ్ లీడరే. ఎవరైనా ఆ మూలకే పరిగెత్తాలి. పేలగానే ఇద్దరు హీలర్లు అతని గీత నింపాలి, అతను తిరిగొచ్చి తన చోట నిలబడాలి. ఆ దూరం 8 సెకన్లది, అందరికీ వంతులవారీగా వచ్చేది. అది అర్థమయ్యాక నా కాళ్ళు కదిలాయి.

మా అమ్మకి అప్పుడు నిద్ర పట్టేది కాదు. పక్క గదిలోంచి వచ్చి తలుపు దగ్గర కూర్చుని చూసేది.

"ఎంతమంది రా మీరు?"

"నలభై మందిమి అమ్మా."

"నాట్ల ముఠా కంటే ఎక్కువే. మేస్త్రి ఎవరు?"

అమ్మ ముప్పై ఏళ్ళు నాట్ల ముఠాలో చేసింది. ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకుని, పదిహేను మంది ఆడవాళ్ళు బురదలో దిగి, వరసగా వెనక్కి నడుస్తూ నాటేవాళ్ళు. మేస్త్రి ఒక్కసారి అరిస్తే పదిహేను నడుములు వంగేవి. నేను చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్ ఒకటి తీసి అమ్మ చెవికి పెట్టాను. మా లీడర్ పోలాండ్ మనిషి, ఇంగ్లిషు గరగరలాడుతుంది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాసేపు విని, "మేస్త్రే" అని తేల్చేసింది.

గెలవడం కంటే కష్టమైంది గెలిచాక మొదలవుతుంది. బాసు పడిపోతే రెండో మూడో వస్తువులు రాలతాయి. మనుషులు నలభై మంది. ఎవరికివ్వాలి? ఈ తగువు చాలా పాతది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలోనే దీనికోసం పాయింట్ల పద్ధతి కనిపెట్టారు. డ్రాగన్ని చంపడానికి వచ్చినందుకు పాయింట్లు, వస్తువు కావాలంటే ఆ పాయింట్లు ఖర్చు. ఇప్పటికీ దాని పేరు డీకేపీ, డ్రాగన్ కిల్ పాయింట్లు. చూడడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రాత్రి రాత్రంతా కరెంటు పోనివాడికి, పిల్లలు లేనివాడికి, మర్నాడు పేపర్లు దిద్దక్కర్లేనివాడికి పాయింట్లు ఎక్కువ పోగవుతాయి. అది నచ్చనివాళ్ళు కౌన్సిల్ పెడతారు. నలుగురైదుగురు ఆఫీసర్లు కూర్చుని ఎవరికి "అర్హత" ఉందో తేలుస్తారు. ఆ మాట వినగానే మన విద్యార్థులకి ఎక్కడెక్కడి ఇంటర్వ్యూ బోర్డులో గుర్తొస్తాయి, నాకు తెలుసు.

మా గిల్డ్‌లో రెండూ కలిపి నడిపేవాళ్ళు. కౌన్సిల్లో మన తెలుగతను ఒకడు ఉండేవాడు. మొత్తం ఐదుగురం తెలుగువాళ్ళం. రైడ్ అయ్యాక విడిగా కాసేపు మాట్లాడుకునేవాళ్ళం, ఎక్కువగా తిండి గురించి. ఒక రాత్రి అతను అడిగాడు: "బ్రో, మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు?" మా అన్న వెంటనే మాట మార్చబోయాడు. పదేళ్ళుగా ఆ దేశంలో ఆ ప్రశ్న పక్కనుంచి తప్పుకుని నడవడం వాడికి అలవాటైపోయింది. నేను చెప్పాను. ఇంటిపేరు, ఊరు, ఊళ్ళో ఏ వైపో కూడా. "ఓ... ఓకే ఓకే" అన్నాడు అతను. మళ్ళీ బిర్యానీ దగ్గరికి వెళ్ళిపోయాం.

తర్వాత రెండు వారాలకి మేజర్‌డోమో పెట్టెలోంచి ప్రీస్టులు ఎదురుచూసే దైవనేత్రం వచ్చింది. అది ప్రతి వారం రాదు. ఒక్కోసారి దాని బదులు వేటగాళ్ళకి పనికొచ్చే ఆకు వస్తుంది. ఆ నేత్రం నాకంటే తర్వాత చేరిన ఇంకో ప్రీస్ట్‌కి ఇచ్చారు. ఆమె ఒక్క రాత్రి కూడా మానలేదు. నేను కరెంటు పోయి మూడు రాత్రులు మానాను. లెక్క ప్రకారం సరైనదే కావచ్చు. కానీ ఇంటిపేరు చెప్పిన నోటితో లెక్కని నమ్మడం ఎంత కష్టమో చూడండి. అవతలివాడు ఏమీ చేసి ఉండకపోవచ్చు. అనుమానం మోసే పని మాత్రం మనదే, నిద్ర పోయేదీ మనకే.

అమ్మకి చెప్పాను. ఇంటిపేరు సంగతి చెప్పలేదు, పంపకం సంగతి మాత్రమే.

"మీ కూలి ఎట్టా పంచుతారు?"

చెప్పాను. పాయింట్లు, కౌన్సిలు, ఎవరు ఎంత గట్టిగా కొట్టారో చూపించే మీటరు.

"మాకు అట్టా లేదు. రానిదానికి కూలి లేదు. వచ్చినదాని చేతివేగం ఎవరూ లెక్కెయ్యరు. వెనకపడితే పక్కది రెండు మొక్కలు ఎక్కువేసి వరస కలిపేస్తది. ఇయ్యాల దాన్ని తీసేస్తే, రేపు నీకు నడుం పట్టినప్పుడు నిన్నూ తీసేస్తారు గదా."

ఆ మర్నాడు నేను లీడర్‌కి రాశాను. కోపంగా రాయలేదు. షీటు అందరికీ కనిపించేలా పెట్టండి, వైద్యం మీటర్లో రాని పనులు కూడా లెక్కలోకి రావాలి అన్నాను. గెడ్డన్ మన మంత్రశక్తిని మంటపెట్టే శాపం ఒకటి వేస్తాడు. దాన్ని ఒక్కొక్కరి మీదా తీసెయ్యడం ప్రీస్టుల పని. అది ఏ మీటర్లోనూ పెద్ద అంకెగా కనపడదు. చెయ్యకపోతే మాత్రం పది నిమిషాల్లో అందరి చేతులూ ఖాళీ. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు షీటు తెరిచాడు. రికార్డులు తిరగేసి, ఆ శాపాలు అందరికంటే ఎక్కువగా తీసింది నేనేనని ఆయనే రాశాడు. ఏప్రిల్లో వచ్చిన రెండో నేత్రం నాకిచ్చారు. "కంగ్రాట్స్ బ్రో" అని మొదట రాసింది మన తెలుగతనే. ఇప్పటికీ నాకు అతని సంగతి తెలీదు.

అప్పటికి లాక్‌డౌన్ నడుస్తోంది. నేను అప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. జీతం ఆగిపోయింది. మే నెలలో మా ఊరి కుర్రాళ్ళతో కలిసి పొద్దున్నే 16వ నంబరు జాతీయ రహదారి మీదికి పోయేవాణ్ణి. చెన్నై వైపు నుంచి ఒడిశాకి, ఇంకా పైకి నడిచిపోయే కూలీలు. పులిహోర పొట్లాలు, మజ్జిగ పట్టుకెళ్ళేవాళ్ళం. వాళ్ళు తిండి కంటే ముందు అడిగింది చెప్పులు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి పాత చెప్పులు పోగేశాం. సైజులు కలిసేవి కావు. పెద్దవైతే గుడ్డపీలికలతో కట్టుకుని పోయేవాళ్ళు.

దైవనేత్రం చేతికొస్తే సరిపోదు, దానితో కర్ర సంపాదించాలంటే ఒక పరీక్ష ఉంది. నేను ముందు చదువుకోలేదు. తెరిచి చూస్తే, తెగులు సోకిన నేల. కాలిపోయిన నగరంలోంచి పారిపోతున్న రైతులు గుంపులు గుంపులుగా నడిచొస్తున్నారు. పైనుంచి బాణాలు పడుతున్నాయి. కొందరికి జబ్బు. వాళ్ళు ఆగరు, నాకేసి చూడరు, నడుస్తూనే ఉంటారు. వాళ్ళలో 50 మందిని వెలుగు దాకా చేర్చాలి. 15 మంది చనిపోతే ఓడిపోయినట్టు. ఇంకొకరు సాయం చెయ్యబోతే పరీక్ష చెడిపోతుంది. నలభై మందితో ఆడే ఆటలో ఇది ఒక్కడే చెయ్యాల్సిన పని.

పొద్దున రోడ్డు మీద ఉండి, రాత్రి మళ్ళీ ఈ రోడ్డు. మొదటిసారి ముప్పై దాటాక పదిహేనో మనిషి పోయాడు. రెండోసారి ఇంకా ముందే. ఎలా గెలవాలో తెలిసినవాళ్ళు చెప్పే సూత్రం ఒకటుంది: జబ్బు ముదిరినవాళ్ళ మీద శక్తి వృథా చెయ్యొద్దు, బతికేవాళ్ళని చూసుకో. అంటే 14 మంది దాకా పోవచ్చు, అది ఆట ఒప్పుకున్న లెక్క. మూడోసారి నేను ఆ సూత్రం పాటించాను. గెలిచాను. తెల్లవారుజామున మూడైంది. గిల్డ్‌లో మేలుకుని ఉన్న ఇరవై మంది అభినందనలు రాశారు. నేను లాప్‌టాప్ మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. చనిపోయినవాళ్ళు పదకొండు మంది. ఆరింటికి మళ్ళీ హైవేకి పోవాలి.

ఆగస్టులో ఆన్ కిరాజ్ అనే కొత్త గుడి తెరిచారు. దాని చివరి బాసు కళ్ళలోంచి వచ్చే పచ్చ కిరణం దగ్గర దగ్గరగా నిలబడ్డవాళ్ళ మీదికి దూకుతూ పోతుంది. అందుకని నలభై మందీ ఎడం ఎడంగా నిలబడాలి. బయట కూడా అదే సంవత్సరం, అదే నియమం. దాని మీద బోలెడు జోకులు వేసుకున్నాం. కానీ మేం ఆ బాసు దాకా వెళ్ళనేలేదు. ఒక మంగళవారం లీడర్ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఇంకో ఇద్దరు ఒక్కో రాత్రి నడిపించబోయారు. ముప్పై మంది వచ్చారు, తర్వాత ఇరవై రెండు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. రావడం మానేశారు, అంతే. మన సంఘాల మీటింగులకి జనం తగ్గినప్పుడు ఉండే నిశ్శబ్దమే అక్కడా ఉండింది.

"ఏరా, రాత్రిళ్ళు పడుకుంటన్నావే, ముఠా పోయిందా?" అంది అమ్మ.

"మేస్త్రి మానేశాడమ్మా."

"మేస్త్రికి ఒక కూలి ఎక్కువ ఇచ్చేవాళ్ళా?"

"లేదు."

"షీటు షీటు అంటావే, అది రాసేది ఎవరు?"

"ఆయనే."

"మరి ఎన్నాళ్ళు చేస్తాడు?"

షీటు తెరవమని అడిగినవాణ్ణి నేను. అది తెరవడానికి ఆయనకి ఎన్ని గంటలు పట్టిందో అడగలేదు. ఆ రాత్రి ఆయనకి ఒక మెసేజ్ పెట్టాను. వారం తర్వాత జవాబొచ్చింది. గోదాములో రాత్రి షిఫ్టు పడిందట, పెద్ద పని, తీరిక లేదట. చివర్లో అడిగాడు: కర్ర ఇంకా ఉందా, బాంబు పడితే ఇప్పుడైనా సరైన మూలకే పరిగెత్తుతున్నావా అని.