నా బుర్రను నమ్మిన ఆటలు

2023లో మంచి వీడియో గేములు ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడ్డాయి. రెసిడెంట్ ఈవిల్ 4 కొత్త రూపం, స్పైడర్ మ్యాన్ 2, అలన్ వేక్ 2 అన్నీ ఆ ఏడాదివే. ఆఫీసు పని ముగించుకుని, రాత్రి భోజనాలయ్యాక కంట్రోలర్ పట్టుకునే నాలాంటివాడికి ఏది ఆడాలో తేల్చుకోవడమే కష్టమైంది. చాలావరకు ఆడాను, బాగున్నాయి కూడా. కానీ ఆ ఏడాదిని తలచుకోగానే నాకు గుర్తొచ్చేవి మాత్రం మూడే. ఒకటి జపాన్‌ది, ఒకటి కెనడాది, ఒకటి బెల్జియంది. ఒకదానితో ఒకదానికి పోలికే లేని ఈ మూడింటిలోనూ నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే. ఆడేవాడికి బుర్ర ఉంటుందని అవి నమ్మాయి.

ఈమధ్య పెద్ద పెద్ద ఆటల్లో ఆ నమ్మకం తగ్గిపోయింది. ఎటు వెళ్ళాలో తెర మీద బాణం గుర్తు చెబుతుంది. మూసిన తలుపు ముందు కాసేపు నిలబడితే చాలు, పక్కనున్న పాత్ర "ఆ మీట లాగి చూడు" అనేస్తుంది. గంటకింతని డబ్బులు కట్టి అమీర్‌పేట నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడే రోజుల్లో, ఒక మిషన్ దగ్గర ఇరుక్కుపోతే పక్క సీటువాడిని అడగాల్సిందే. వాడికీ తెలియకపోతే ఇద్దరం కలిసి తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళం. దారి దొరికినప్పుడు వచ్చే సంతోషం ఎలా ఉంటుందో నాకు తెలిసింది అక్కడే.

ఆ సంతోషం మే నెలలో మళ్ళీ దొరికింది. మే 12న జెల్డా: టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ విడుదలైంది. మూడు రోజుల్లోనే కోటికి పైగా అమ్ముడుపోయిన ఆట. దీన్ని తయారుచేసిన నింటెండో తన స్విచ్ గేమ్ కన్సోల్‌ను మన దేశంలో నేరుగా అమ్మదు కాబట్టి, డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఇండియాకు వస్తూ తెచ్చిపెట్టాడు. కథానాయకుడు లింక్ చేతికి ఈ ఆటలో కొన్ని శక్తులు ఇస్తారు. దుంగలు, చక్రాలు, పంకాలు ఏవైనా సరే ఎత్తి, ఆకుపచ్చ జిగురుతో ఒకదానికొకటి అతికించవచ్చు. కదిలిన వస్తువును అది వచ్చిన దారినే వెనక్కి నడిపించవచ్చు. శక్తులు ఇచ్చేసి, వాటితో ఏం చేసుకుంటావో నీ ఇష్టం అంటుంది ఆట.

ఒక రాత్రి లోయ అంచున నిలబడ్డాను. అవతలికి వంతెన కడదామంటే దగ్గరున్న దుంగలు చాలవు. ఒక పలకను శక్తితో గాల్లోకి లేపి అవతలి ఒడ్డు దాకా తీసుకెళ్ళాను. అక్కడినుంచి మళ్ళీ నా కాళ్ళ దగ్గరికి తెచ్చి దించాను. దాని మీదికెక్కి, కాలాన్ని వెనక్కి తిప్పే శక్తిని ప్రయోగించాను. పలక తాను వచ్చిన దారినే వెనక్కి కదిలింది, నన్ను మోసుకుంటూ లోయ దాటింది. అలా దాటమని నాతో ఎవరూ అనలేదు. ఆ నిమిషంలో పట్టలేని ఆనందంతో పక్కగదిలో పడుకున్న మా తమ్ముణ్ణి లేపి మరీ చూపించాను.

జూలై చివర్లో వచ్చిన వెన్బా చాలా చిన్న ఆట. గంటన్నరలో అయిపోతుంది. టొరంటోలోని విసై గేమ్స్ తయారుచేసింది. 1980లలో కెనడాకు వలస వెళ్ళిన తమిళ దంపతులు వెన్బా, పావలన్, వాళ్ళ కొడుకు కవిన్, వీళ్ళదే కథ. వెన్బాకు తన అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం మరకలు పడి, చిరిగి ఉంటుంది. పోయిన భాగాన్ని మనమే ఊహించి వండాలి.

మొదటి వంట ఇడ్లీ. రేకులను గిన్నెలో ఎలా పేర్చాలో పుస్తకంలో సరిగ్గా కనిపించదు. నేను ఆలోచిస్తూ ఉంటే, వెనక సోఫాలో కూర్చుని చూస్తున్న అమ్మ ఉండబట్టలేక అంది: "ఒరేయ్, పై రేకు కాస్త తిప్పి పెట్టరా. ఇడ్లీ మీద ఇడ్లీ వస్తే ఆవిరి ఎటు పోతుంది?" తిప్పి పెట్టాను. ఇడ్లీలు ఉడికాయి. అమ్మ కంట్రోలర్ ఇమ్మంది. నేనెన్ని ఆటలు ఆడినా ఆమె ఎప్పుడూ తెర వైపు ఇంతసేపు చూడలేదు. కవిన్ పెద్దవాడై తల్లికి దూరంగా జరుగుతున్న చోట మాట్లాడకుండా కూర్చుంది. ఆట ముగిశాక, బయటి దేశంలో ఉన్న మా అక్క కూతురికి ఫోన్ కలిపి గోంగూర పచ్చడి ఎలా నూరాలో చెప్పడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది బాఫ్టా వాళ్ళు వెన్బాకు తొలి ఆట పురస్కారం ఇచ్చారని చెబితే, "ఇవ్వాల్సిందే" అంది.

ఆగస్టు 3న బాల్డర్స్ గేట్ 3 వచ్చింది. బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్‌ది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల మీద కట్టిన ఆట. 150 జీబీ డౌన్‌లోడ్ కావడానికి రాత్రంతా పట్టింది. ఏకకాలంలో నలుగురు ఆడవచ్చు కాబట్టి వైజాగ్‌లో ఒకడు, బెంగళూరులో ఒకడు, నేను జట్టు కట్టాం. శనివారాలు వచ్చాయంటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవాళ్ళం.

గాబ్లిన్ల శిబిరంలో ముగ్గురు నాయకులను మట్టుపెట్టాలి. ఎలాగన్నది మన చేతుల్లోనే ఉంది. వైజాగ్ వాడు కత్తి దుయ్యకుండా సారా గంగాళంలో విషం కలిపాడు. తాగినవాళ్ళు తాగినచోటే కూలిపోయారు. ఇంకోచోట నేను చంపినవాణ్ణి శవంతో మాట్లాడే మంత్రంతో లేపాను. చంపిన మొహం గుర్తుపట్టి వాడు నోరు విప్పలేదు. "నువ్వే కదరా పొడిచింది, వేషం మార్చి అడుగు" అన్నాడు బెంగళూరు వాడు. మంత్రంతో రూపం మార్చుకుని వెళ్ళి అడిగితే ఠక్కున బదులిచ్చాడు! ముగ్గురం అరిచిన అరుపులకు మా ఇంట్లోవాళ్ళు లేచి కూర్చున్నారు. మాకిలాంటి ఆలోచన వస్తుందని ఎవరో ముందే ఊహించి, అందుకు తగ్గ బదులు కూడా రాసిపెట్టారు. ఎవరినైనా మాటలతో ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. దాని మీద ఒకటి పడితే ఎంతటి మాటకారి అయినా ఓడిపోవాల్సిందే. అలా ఓడినచోట కూడా కథ ఆగదు, మరో దారి పడుతుంది.

డిసెంబరు 8 ఉదయం, మన టైము ప్రకారం, ద గేమ్ అవార్డ్స్‌లో ఏడాది ఉత్తమ గేమ్‌గా దీని పేరు చదివారు. లారియన్ అధిపతి స్వెన్ వింకె ఉక్కు కవచం తొడుక్కుని వేదికెక్కాడు. నా లెక్కలోనూ మొదటి స్థానం దానిదే. అదే ఏడాది గేమ్ పరిశ్రమలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఇంత గొప్ప పనితనం చూపించిన రంగంలో, ఆ పని చేసినవాళ్ళకే భద్రత లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి సంస్థలకు హైదరాబాద్‌లో స్టూడియోలున్నాయి. ఆటలు తయారుచేయగల చేతులు మన ఊళ్ళోనే ఉన్నాయి. ఒక తమిళ కుటుంబం వంటింటి కథకు ప్రపంచం చెవి ఒగ్గినప్పుడు, మన ఇళ్ళ కథలకు మాత్రం ఎందుకు ఒగ్గదు? తెలుగులో అలాంటి ఆట రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. వచ్చిన రోజున అది అన్నీ విప్పి చెప్పేయకుండా, ఆడేవాళ్ళు తమంతట తాము కనిపెట్టడానికి నాలుగు సంగతులు దాచి ఉంచాలి. అప్పుడే మా అమ్మలాంటివాళ్ళు కంట్రోలర్ ఇటివ్వు అంటారు.