అయిదు సొరంగాల దారిలో మా బుజ్జి రక్తపరీక్ష

దుబాయ్, అబుదాబి చూసి వెళ్లినవాళ్లకి సూర్యుడు సముద్రంలో మునగడం గుర్తుంటుంది. మా ఖోర్ ఫక్కాన్‌లో సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. ఇది షార్జా ఎమిరేట్‌కి చెందిన ఊరే అయినా, షార్జా నగరానికి దూరంగా, హజర్ కొండలకి అవతల, ఒమాన్ సింధుశాఖ ఒడ్డున విడిగా ఉంటుంది. వెనక కొండలు, ముందు సముద్రం, పక్కనే ఓడరేవు. విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని కదా, వచ్చిన మొదటి ఉదయమే బాల్కనీలో నిలబడి "డాల్ఫిన్స్ నోస్ ఒక్కటే తక్కువ" అన్నాను మా వారితో.

అరబ్బీలో ఖోర్ అంటే సముద్రపు పాయ. ఖోర్ ఫక్కాన్ అంటే రెండు దవడల మధ్య ఉన్న పాయ అని అర్థం చెబుతారు. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ దాడి చేసిన ఊరు ఇది. ఇప్పుడు పెద్ద కంటైనర్ పోర్టు. హార్ముజ్ జలసంధికి బయటే ఉండడంతో, ఓడలు లోపలికి వెళ్లే పనిలేకుండా ఇక్కడే సరుకు దించేస్తాయి. మా వారి ఉద్యోగం కూడా పోర్టు పనులకి సంబంధించినదే.

షార్జా నుంచి కొండల్ని తొలిచి వేసిన కొత్త రోడ్డు 2019లో మొదలైంది. 89 కిలోమీటర్లు, మధ్యలో అయిదు సొరంగాలు. అప్పటినుంచి సెలవురోజుల్లో ఊరంతా సందర్శకులే. 2020 చివర్లో కట్టిన యాంఫీథియేటర్, దాని పక్కన మనుషులు కట్టిన జలపాతం, కొండ మీద గుండ్రంగా ఉండే అల్ సుహుబ్ విశ్రాంతి భవనం, షార్క్ ఐలాండ్‌కి పడవలు చూసుకుని సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. ఊళ్లో కాపురం ఉండే మాకు ఆ రోడ్డు ఇటునుంచి అటు వెళ్లడానికి పనికొస్తుంది. ఇక్కడా ఆసుపత్రి ఉంది. కానీ మా బుజ్జికి కావలసిన డాక్టరుగారు మాకు షార్జాలో దొరికారు. అందుకే ఆ అయిదు సొరంగాలూ మాకు బాగా అలవాటయ్యాయి.

బుజ్జికి నాలుగేళ్లు. నిరుడు ఎండలు తగ్గాక రోజూ బీచికి తీసుకెళ్లేదాన్ని. ఆడుకోవడం మానేసి కూర్చుండిపోయేది. ఎవరూ చూడకుండా ఇసుక నోట్లో వేసుకునేది. ఇంట్లో అయితే ఐసు ముక్కలు నమిలేది. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. నేను చదివింది బయోకెమిస్ట్రీ. రక్తం తక్కువైందని అర్థం కావడానికి ఆ మాత్రం చదువు కూడా అక్కర్లేదు.

మొదటి పరీక్ష ఒక చిన్న క్లినిక్‌లో జరిగింది. ఆ రోజు మా వారు డ్యూటీలో ఉన్నారు. బల్ల మీద పడుకోబెట్టి ఒకరు కాళ్లు, ఒకరు భుజాలు పట్టుకున్నారు. నన్ను తల దగ్గర నిలబడమన్నారు. నరం దొరకలేదు. మూడోసారి పొడిస్తే గానీ రక్తం రాలేదు. అంతసేపూ అందరూ "నో పెయిన్, నో పెయిన్" అంటూనే ఉన్నారు. ఆ తర్వాత మూడు రాత్రులు పిల్ల ఉలిక్కిపడి లేచింది. మందుల షాపులో తెల్లకోటు కనబడినా నా చున్నీలో దూరిపోయేది.

రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి. ఇనుము లోపం కావచ్చు, తలసీమియా జన్యువు కావచ్చు, రెండింట్లోనూ కణాలు చిన్నబోతాయి. తలసీమియా అటు మన దేశంలోనూ ఇటు గల్ఫ్‌లోనూ ఉన్నదే కాబట్టి ఇక్కడి డాక్టర్లు ఆ అనుమానాన్ని ఊరికే వదలరు. ఆ రాత్రి కాలేజీ రోజుల లెక్క ఒకటి తీశాను. కణం సగటు పరిమాణాన్ని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 దాటితే ఇనుము లోపం వైపు, తగ్గితే తలసీమియా వైపు మొగ్గు అంటారు. మాకు 15 వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకున్నాను కానీ, అది మొగ్గు మాత్రమే, నిర్ధారణ కాదు. ఫెరిటిన్, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయాలన్నారు షార్జా డాక్టరుగారు. అంటే మళ్లీ సూది.

విశాఖ నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో గోలపెట్టింది. "ఒంట్లో రక్తమే లేదంటుంటే మళ్లీ రక్తం తీయడమేమిటే?" మనందరి ఇళ్లలోనూ వినబడే ప్రశ్నే ఇది. పిల్లల్లో కిలో బరువుకి సుమారు 75 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మా బుజ్జి 14 కిలోలు, అంటే ఒక లీటరుపైనే. రెండు గొట్టాలకీ కలిపి తీసేది నాలుగు మిల్లీలీటర్లు. టీ స్పూను కూడా నిండదు. స్పూను చూపించి మరీ చెప్పాను. "సరేలే, దాన్నిలా ఇయ్యి" అని బుజ్జితో మాట్లాడింది. "ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుందంతే." బుజ్జి వెంటనే అడిగింది: "ఏ చీమ అమ్మమ్మా? ఎర్ర చీమా?"

నవ్వొచ్చింది గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన భాషలో సూది ఒక బెదిరింపు. అన్నం తినకపోతే సూది, అల్లరి చేస్తే సూది, పడుకోకపోతే డాక్టరుగారికి ఫోను. తీరా నిజంగా సూది పడే రోజున అదే సూది చీమ అయిపోతుంది. ఈ రెండింట్లో ఏది నమ్మాలి నాలుగేళ్ల పిల్ల? ఒకసారి చీమ మాట అబద్ధమని తేలాక, రెండోసారి మనం ఏం చెప్పినా ఎందుకు వినాలి?

టీకాల సమయంలో నొప్పి తగ్గించడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక పత్రం ఇచ్చింది. అందులో మన ఇళ్లకి పనికొచ్చే మాటలున్నాయి. పిల్లల్ని పెద్దవాళ్లు పట్టుకుని ఉండాలి, అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు దగ్గరుండాలి, చిన్నపిల్లల దృష్టి మళ్లించాలి, 'అస్సలు నొప్పి పుట్టదు' లాంటి అబద్ధపు భరోసాలు ఇవ్వకూడదు. ఈ చివరిది మా అమ్మకి చెబితే "పిల్లని నువ్వే భయపెడతావా?" అంది. "భయపెట్టడం కాదమ్మా, నొప్పి పుడుతుందని చెప్పు, కాసేపే అని కూడా చెప్పు" అన్నాను. ఆవిడకి నచ్చలేదు. ఫోన్ పెట్టేసింది.

డాక్టరుగారిని అడిగి, మొద్దుబార్చే క్రీము రాయించుకున్నాను. లిగ్నొకెయిన్, ప్రైలొకెయిన్ కలిసిన క్రీము, ఎమ్లా అనే పేరుతో దొరుకుతుంది. వయసునీ బరువునీ బట్టి మోతాదు మారుతుంది, పసిబిడ్డలకి జాగ్రత్తలున్నాయి, కాబట్టి అడగకుండా రాయకూడదు. మందంగా రాసి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ అంటించి, దాదాపు గంట ఉంచాలి. సూదికి పది నిమిషాల ముందు తుడిచేస్తే మంచిది. క్రీము వల్ల చర్మం పాలిపోయి నరాలు కొంచెం ముడుచుకుంటాయి, ఆ కాసేపట్లో తేరుకుంటాయి. మొదటి నరం దొరక్కపోతే అక్కరకొస్తుందని రెండు చేతులకీ రాయమన్నారు.

ముందురోజు సాయంత్రం బొమ్మతో ఆట ఆడాం. బొమ్మ చేతికి రిబ్బన్ బిగించాను, తడి దూదితో తుడిచాను. "ఇప్పుడు సూది. నొప్పి పుడుతుంది. నువ్వు అంకెలు లెక్కపెడుతుంటే అయిపోతుంది. ఏడవొచ్చు. నీ పనల్లా చెయ్యి కదపకుండా ఉంచడం." బుజ్జి బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఏడుపు రాదు కదా" అంది. పరీక్ష అయ్యాక బీచికి వెళ్తామని కూడా చెప్పాను. ఏడ్చినా వెళ్తాం, ఏడవకపోయినా వెళ్తాం అని.

పొద్దున్నే నీళ్లు బాగా తాగించాను. ఒంట్లో నీళ్లుంటే నరాలు తేలిగ్గా దొరుకుతాయి. ఊరు దాటగానే రోడ్డు పక్కన అల్ రఫీసా డ్యామ్ వస్తుంది. కొండల మధ్య ఆకుపచ్చని నీళ్లు, తొక్కుడు పడవలు, టీ కొట్లు. మా వారు అక్కడ కారాపారు. నీళ్లు కనిపించే బెంచీ మీద కూర్చుని క్రీము రాశాను. అక్కడినుంచి ప్రయాణం, పార్కింగు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపితే సరిగ్గా ఆ గంట సరిపోతుందని లెక్క వేసుకున్నాం.

వెనక సీట్లో ప్లాస్టర్లు ఉన్న చేతులు ముందుకి చాపి, బుజ్జి సొరంగాలు లెక్కపెట్టింది. లోపలికి వెళ్లేటప్పుడు ఊపిరి బిగబట్టి, వెలుతురు రాగానే "అయిపోయింది!" అనేది. అయిదూ అయ్యాక "ఆరోది లేదా?" అంది.

రక్తం తీసే గదిలో ఉన్నది మలయాళీ సిస్టర్. లోపలికి వెళ్లగానే రెండు విషయాలు అడిగాను. పిల్లని పడుకోబెట్టకుండా నా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా? రెండుసార్లు పొడిచినా నరం దొరక్కపోతే కాసేపు ఆగి, ఇంకెవరినైనా పిలుస్తారా? ఆవిడ ఏమీ అనుకోలేదు. "ష్యూర్, ష్యూర్" అని కుర్చీ జరిపింది. అడిగితే కాదనరేమోనని మనం మొహమాటపడి అడగం గానీ, చాలాచోట్ల అడగడమే ఆలస్యం.

బుజ్జి నాకేసి తిరిగి, కాళ్లు నా నడుముకి అటూ ఇటూ వేసి, గుండెకి గుండె ఆనించి కూర్చుంది. ఒక చెయ్యి నా మెడ చుట్టూ, రెండోది నా చంక కిందుగా బల్ల మీదికి. ఆ భంగిమలో పిల్ల కదలకుండానూ ఉంటుంది, అమ్మ కౌగిట్లోనూ ఉంటుంది. "ఏ చెయ్యి మోళే?" అని అడిగింది సిస్టర్. ఎడమ చెయ్యి అంది బుజ్జి. రబ్బరు పట్టీ బిగించగానే ఏడుపు మొదలైంది. క్రీము చర్మాన్ని మొద్దుబారుస్తుంది, భయాన్ని కాదు. ఏడుస్తూనే నా చెవిలో లెక్కపెట్టింది. తొమ్మిది తర్వాత మళ్లీ ఎనిమిది అంది. పన్నెండు దగ్గర సిస్టర్ "ఖలాస్!" అంది. గల్ఫ్‌లో ఏ దేశం వాళ్లకైనా అర్థమయ్యే మాట అదే కదా, అయిపోయింది అని. బుజ్జి తల తిప్పి దూది వంక చూసి, వెక్కుతూనే "కదపలేదు" అంది.

సాయంత్రం చెప్పినట్టే బీచికి వెళ్లాం. దారిలో చేపల మార్కెట్‌లో వంజరం కొన్నాం, ఇక్కడ దాన్ని కనద్ అంటారు. ఇసుక నోట్లో వేసుకోవడం ఆ రోజుతో ఆగిపోలేదు. ఫెరిటిన్ బాగా తక్కువని వారానికి తేలింది. తలసీమియా సంగతి మాత్రం మిగిలే ఉంది. ఇనుము లోపం ఉన్నప్పుడు తలసీమియా వాహకుల్లో పెరగాల్సిన ఏ2 హిమోగ్లోబిన్ పెరగనట్టే కనబడవచ్చు, అందుకని ఇనుము నింపి మళ్లీ చూడాలి. మూడు నెలలు సిరప్ పోశాను, పాలతో కలపకుండా, నారింజ రసంతో. దంతాలకి మరక పడకుండా వెంటనే నోరు కడిగించాను. తర్వాత మళ్లీ అదే డ్యామ్, అదే బెంచీ, అవే అయిదు సొరంగాలు. ఈసారి కూడా ఏడ్చింది. కానీ గదిలోకి తన కాళ్లతో నడిచి వెళ్లి, కుర్చీ తనే చూపించింది. రాత్రిళ్లు ఉలిక్కిపడలేదు. హిమోగ్లోబిన్ 11.4, ఏ2 మామూలుగానే ఉంది. ఇనుము లోపమే.

మొన్న మా అమ్మ వీడియో కాల్‌లో, షుగర్ పరీక్షకి ల్యాబ్‌కి వెళ్లాలి, వాళ్లు ఒకపట్టాన వదలరు, విసుగ్గా ఉంది అంటోంది. బుజ్జి ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "అమ్మమ్మా, నొప్పి పుడుతుంది. ఏడవొచ్చు, కానీ చెయ్యి కదపకూడదు. పన్నెండు లెక్కపెడితే ఖలాస్. ఏ చెయ్యి ఇస్తావ్?"

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఎడమ చెయ్యి ఇస్తానే తల్లీ" అంది.